చీకట్లో ఫోకస్ పట్టలేదా? ముందు ఆ చిన్న లైటు సంగతి చూడండి

విజయవాడ పున్నమి ఘాట్‌లో రాత్రిపూట మనిషిని ఫోటో తీయబోతే లెన్స్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూనే ఉంది. చీకట్లో ఫోకస్‌కి సాయపడే, కెమెరా ముందున్న ఫోకస్ లైటు వెలగనే లేదు. అది పాడవలేదు, ఫోకస్ మోడ్ ఏఎఫ్-సీలో ఉంది. కదిలేవాటి కోసం పెట్టిన ఆ మోడ్‌లో చాలా కెమెరాలు లైటు వేయవు. కదలనివాటి కోసం ఉన్న ఏఎఫ్-ఎస్‌కి మార్చగానే వెలిగింది. సైలెంట్ మోడ్ ఆన్‌లో ఉన్నా ఇదే తంతు.

వెలిగాక కూడా ఫోకస్ కుదర్లేదు. ఈసారి దోషం లెన్స్ హుడ్‌ది, అంటే లెన్స్ ముందు తగిలించే తొడుగుది: లైటుకి అడ్డొచ్చి మనిషి ఛాతీ మీద గుండ్రటి నీడ పడుతోంది. హుడ్ తీసేస్తే సగం పని అయిపోయింది. మిగతా సగం, ఫోకస్ పాయింటు ఎక్కడ పెడుతున్నామన్నది. సాదా తెల్లచొక్కా మీద పెడితే ఎంత వెలుగు పడ్డా కెమెరాకి పట్టుకోడానికి గీత దొరకదు. కాలరు అంచు మీదో, చీరైతే జరీ అంచు మీదో పెట్టాలి. లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాకి ఫ్లాష్ తగిలిస్తే అదే మనిషి మీద ఎర్రటి గీతలు వేస్తుంది కాబట్టి ఈ బాధ తక్కువ. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి ఆ గీతలు పనికిరావు.

కెమెరా ముందున్న లైటు అందేది మూడు నాలుగు మీటర్లే. ప్రకాశం బ్యారేజీని తీసేటప్పుడు దాన్ని ఆపేసి, బ్యారేజీ దీపం అంచు మీద ఫోకస్ పట్టి, మాన్యువల్ ఫోకస్‌కి మార్చేయడమే మేలు.