పండక్కి ఊర్లో పాత ఇంటికి పోతున్నారా, ఇది చదివి పోండి

మొన్న మా కాలనీలో ఒకింటి వాళ్లు శని ఆదివారాలు కలిసొచ్చాయని పరిగి అవతల మామగారి పాత ఫామ్‌హౌస్‌కి పోయారు. రాత్రి మూడింటికి తొమ్మిదేళ్ల బాబు లేచి కడుపు నొప్పి అన్నాడు. దారిలో తిన్న మిర్చి బజ్జీలే అనుకుని వాము నీళ్లు తాగించి పండబెట్టారు. పొద్దున ఆరింటికి వాడికి కనురెప్పలు లేవట్లేదు, నిద్రమత్తు అనుకున్నారు. మింగలేక సొంగ కారుతుంటే అప్పుడు భయపడి బండి తీశారు. కట్లపాము కాటు. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికాడు.

బతుకమ్మ, దసరా సెలవులకి సగం సిటీ ఊర్లకే పోతుంది. బావి దగ్గర పిల్లలు, తడి చేతుల్తో మోటర్ స్టార్టర్, అవన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒక్కటే, పొద్దున చూద్దాం అనొద్దు.

కట్లపాము తిరిగేది రాత్రి పూట. కోరలు చాలా చిన్నవి, నిద్రలో కరిస్తే చాలామందికి తెలియను కూడా తెలియదు, గాటు కనిపించకపోవచ్చు, వాపు ఉండదు. రక్తపింజర కరిస్తే కాలు వాచి నొప్పితో మనిషి అరుస్తాడు, ఇంట్లో అందరూ లేస్తారు. ఇక్కడ అదేమీ ఉండదు కాబట్టే జనం పొద్దుటి దాకా ఆగుతారు. ఆ లోపు విషం నరాల నుంచి కండరాలకి పోయే సంకేతాన్ని ఆపేస్తుంది, ముందు కనురెప్పలు, తర్వాత గొంతు, ఆఖరికి ఊపిరి. నేల మీద పండుకున్న మనిషి అర్ధరాత్రి కడుపు నొప్పి అన్నా, మింగలేకపోతున్నా అన్నా, ఒకటి రెండుగా కనబడుతోంది అన్నా, పాము కనిపించిందా లేదా అని వెతుకుతూ కూర్చోకండి. పొద్దున చూద్దాం అనొద్దు.

నెలల తరబడి తాళం వేసిన ఇల్లు, మూలన వడ్ల బస్తాలు, వాటికి ఎలుకలు, ఎలుకల వెనక పాములు. పిల్లలందరూ హాల్లో చాపలేసుకుని వరసగా పండుకుంటే ఎంత బాగుంటుందో నాకూ తెలుసు, చిన్నప్పుడు మేమూ అట్లనే పండుకున్నాం, అయినా సరే వద్దు. మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందికి దోపాలి, నేల మీదికి వేలాడితే లాభం లేదు.

మన దగ్గర ఇచ్చే యాంటీ వెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి ఒకటే మందు, అందుకని పాముని కొట్టి సంచిలో తేవాల్సిన పని లేదు. ఊర్లో పెద్దమనిషి పసరు పోస్తే తగ్గింది అంటారు, కరిచే పాముల్లో విషం లేనివే ఎక్కువ, విషపు పాము కూడా ఒక్కోసారి విషం వదలదు, తగ్గింది అందుకు.

గునుగు, తంగేడు కోయడానికి పిల్లల్ని పొదల్లోకి ఒంటరిగా పంపొద్దు, ముందు కర్రతో కదిలించాలి, కాళ్లకి బూట్లు ఉండాలి. రక్తపింజర ఎండుటాకుల్లో చుట్ట చుట్టుకుని ఉంటే పక్కనే నిలబడ్డా కనపడదు.

కరిస్తే తాడు కట్టొద్దు. కోయొద్దు. నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేయండి, వాపు వస్తే బిగుసుకుపోతాయి. నడిపించొద్దు, విరిగిన కాలికి కట్టినట్టు చెక్క కట్టి కదలకుండా ఎత్తుకెళ్లండి. టైం రాసుకోండి. 108కి ఫోన్ చేయండి. మా డాక్టర్ సిటీలో ఉన్నాడని ఉస్మానియా దాకా, నీలోఫర్ దాకా పరిగెత్తొద్దు, దగ్గర్లో యాంటీ వెనమ్ ఉన్న ప్రభుత్వాసుపత్రిలో మొదలుపెట్టించి తర్వాత పోండి. అది ఎక్కడుందో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రాత్రి బాత్రూంకి టార్చ్ లేకుండా పోవద్దు. బూట్లు దులిపి వేసుకోండి. కట్టెల కుప్పలో చెయ్యి పెట్టొద్దు. బండి గేటు వైపు తిప్పి పెట్టండి, తాళం ఎక్కడుందో ఇద్దరికి తెలియాలి. పిల్లోడు అర్ధరాత్రి లేపి కడుపు నొప్పి అంటే వాము డబ్బా వెతకొద్దు, లైట్ వేసి వాడి కనురెప్పలు చూడండి.