చల్లారిన బండి, మొదటి ఐదు సెకన్లు

మాది మదనపల్లె. టమాటా లోడుకు తిరిగే డీజిల్ పికప్ నాది, 2006 మోడల్, మూడున్నర లక్షల కిలోమీటర్లు దాటింది. ఒక జనవరిలో తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరదామని సెల్ఫ్ కొడితే, ఇంజన్ అందుకున్న మరుక్షణం కింది నుంచి కడకడకడమని ఇనుప చప్పుడు మొదలైంది. గుండె ఆగినంత పనైంది. తాళం వెనక్కి తిప్పేలోపే ఆ చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత భాకరాపేట ఘాట్ దిగి, తిరుపతిలో లోడు దించి, తిరిగి ఇల్లు చేరేదాకా బండి మామూలుగానే ఉంది. మర్నాడు పొద్దున మళ్లీ అదే చప్పుడు, అదే ఐదు సెకన్లు.

మధ్యాహ్నం ట్రిప్పు ముగించుకుని ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. ఇంజన్ వేడిగా ఉంది, చప్పుడేమీ రాలేదు. నేను నోటితో చెప్పింది విని, "బేరింగులు పోయినట్టున్నాయన్నా, ఇంజన్ దించాల, నలభై వేలు పెట్టుకో" అన్నారు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. సీజన్ కాదు, చేతిలో డబ్బు లేదు. చివరికి మా పాత మేస్త్రి బండిని రాత్రికి తన దగ్గరే వదిలి పొమ్మన్నాడు. పొద్దున ఆరుకు నన్ను పక్కన నిలబెట్టుకుని ఒక్కసారి స్టార్ట్ చేశాడు, ఆపేశాడు, ఆయిల్ ఫిల్టర్ విప్పాడు. కొన్ని వందల రూపాయల ఫిల్టర్ మారాక ఆ చప్పుడు మళ్లీ రాలేదు.

ఆ రోజు నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఇది. స్టార్టింగ్ చప్పుడును చల్లారిన ఇంజన్ మీదే పట్టాలి. ఆ అవకాశం రోజుకు ఒక్కసారే వస్తుంది. ఒకసారి సెల్ఫ్ కొట్టారంటే మళ్లీ రేపు పొద్దునే. అందుకే తాళం తిప్పకముందే అన్నీ సిద్ధం చేసుకోవాలి.

రాత్రి బండిని చదునైన చోట పెట్టండి. ఇంజన్ కింద ఒక పాత అట్టపెట్టె పరచండి, ఎక్కడైనా కారుతుంటే పొద్దునకు మరక కనబడుతుంది. పొద్దున బానెట్ ఎత్తి ముందు ఆయిల్ కొలిచే కమ్మీ, డిప్‌స్టిక్ తీయండి. రాత్రంతా ఆయిల్ కిందికి దిగి ఉంటుంది కాబట్టి ఆ కొలతే సరైనది. కింది గీతకన్నా తక్కువుంటే చప్పుడు సంగతి తర్వాత, ముందు ఆయిల్ పోయండి. గీతకన్నా ఎక్కువై డీజిల్ వాసన కొడుతుంటే ఆయిల్‌లోకి డీజిల్ దిగుతోందని అర్థం. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. ఈ రెండింటిలో ఏదున్నా స్టార్ట్ చేయకండి.

తర్వాత తాళం ఒక మెట్టు తిప్పి ఆపండి. ఎర్రటి ఆయిల్ దీపం వెలగాలి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆ దీపం వెలగకపోతే బల్బో, వైరో, స్విచ్చో పోయింది. దాన్ని బాగుచేసుకోకుండా ముందుకు పోతే మీరు కళ్లకు గంతలు కట్టుకున్నట్టే. ఎందుకంటే ఈ పరీక్ష మొత్తం ఆ దీపం మీదే నడుస్తుంది.

గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి, చక్రాల కింద రాళ్లు పెట్టాలి. మెడలో తువ్వాలు ఉంటే తీసి పక్కన పెట్టండి, ఫ్యాన్ బెల్టుకు చిక్కితే ప్రాణం మీదికి వస్తుంది. మూసిన షెడ్డులో ఈ పని చేయొద్దు, పొగ చంపుతుంది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, ఆయిల్ దీపం కనబడేలా డ్యాష్‌బోర్డు ముందు ఆనించండి. చప్పుడు, దీపం రెండూ ఒకే వీడియోలో పడతాయి. ఇంట్లోవాళ్లు ఎవరైనా తాళం తిప్పితే మీరు బానెట్ పక్కన నిలబడి వినొచ్చు. నాకు మా పెద్దోడు తిప్పుతాడు.

ఇంజన్ అందుకోకముందే వచ్చే చప్పుళ్లు సెల్ఫ్ మోటారువి. వాటితో ఇంజన్‌కు సంబంధం లేదు. టకటకటక అని కొట్టుకుంటూ ఇంజన్ తిరగకపోతే ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడండి, తెల్లటి బూజు పట్టి ఉంటే వేడినీళ్లతో కడిగి బిగించండి. రాత్రంతా ఊరికే ఉన్న మంచి బ్యాటరీ మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల దగ్గర చూపాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీ బలం తగ్గినట్టు. సర్రుమని ఉత్త తిరుగుడు వినబడి ఇంజన్ కదలకపోతే బెండిక్స్, అంటే సెల్ఫ్ మోటారు కొనన ఉండే పళ్లచక్రం, జారుతోంది. గర్రుమని పళ్లు కొరికినట్టు ఉంటే బెండిక్స్ పళ్లో, అది పట్టి తిప్పే ఫ్లైవీల్ రింగు పళ్లో అరిగాయి. ఇది వాయిదా వేసే పని కాదు, రింగు మొత్తం పాడైతే గేర్‌బాక్స్ దించాలి.

ఇక అసలైన ఐదు సెకన్లు. ఇంజన్ అందుకోగానే యాక్సిలరేటర్ తొక్కకండి. పొద్దున్నే రేస్ ఇచ్చే అలవాటు చాలామందికి ఉంది, అది ఆయిల్ అందని బేరింగులను రుద్దడమే. ఊరికే వదిలేసి చెవి పెట్టండి. ఆయిల్ దీపం ఎన్ని సెకన్లకు ఆరింది? చప్పుడు ఎప్పుడు ఆగింది? దీపం ఆరిన క్షణానే చప్పుడూ ఆగితే, ఆయిల్ పైకి రావడానికి ఆలస్యం అవుతోందని అర్థం. నా బండిలో జరిగింది ఇదే.

దాని లోపలి సంగతి మేస్త్రి నా చేతిలో పెట్టి చూపించాడు. నా బండిలో ఫిల్టర్ పక్కకు పడుకుని ఉంటుంది. ఇంజన్ ఆగాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి కారిపోకుండా దాని నోటి దగ్గర, చుట్టూ ఉన్న చిన్న రంధ్రాలను కప్పుతూ లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. విప్పిన పాత ఫిల్టర్‌లో వేలుపెట్టి నొక్కితే ఆ రబ్బరు ఎండిన చింతపండు తొక్కలా గట్టిగా ఉంది, నొక్కినా వంగలేదు. కొత్తదాంట్లో అదే రబ్బరు మెత్తగా వంగి మళ్లీ లేచింది. రాత్రంతా ఆ గట్టి పొర పక్కనుంచి ఆయిల్ ఇంజన్ అడుగున ఉండే తొట్టి, సంపులోకి దిగిపోయేది. పొద్దున పంపు ముందు ఖాళీ ఫిల్టర్‌ను నింపి, ఆ తర్వాతే బేరింగులకు అందించేది. ఆ ఖాళీ సమయమే నా కడకడ. బండి ఒక గంట ఆగి మళ్లీ స్టార్ట్ అయితే చప్పుడు రాకుండా, రాత్రంతా ఆగితేనే వస్తే ఫిల్టర్ మీద అనుమానం పెట్టుకోండి. మంచి ఫిల్టర్ వేసి, బండి పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిల్ పోసి, మర్నాడు పొద్దున మళ్లీ వీడియో తీసి పోల్చండి. అంతవరకు ఇంజన్ దించే మాట ఎవరన్నా వినొద్దు.

టైమింగ్ చైన్ (వాల్వులను ఇంజన్ నడకతో కలిపి నడిపే గొలుసు) ఉన్న ఇంజన్లలో ముందుభాగం నుంచి గొలుసు ఊపినట్టు ఒకటి రెండు సెకన్లు మోగితే అది ఆ చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్. అదీ ఆయిల్ ఒత్తిడితో బిగుసుకునేదే కాబట్టి ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. ఫిల్టర్ మార్చినా చప్పుడు రోజురోజుకూ పొడుగవుతుంటే ముందు కవర్ విప్పించాలి.

కీచుమని అరుపు వస్తే అది బెల్టు. స్టార్టింగ్‌లో బ్యాటరీ నుంచి చాలా కరెంటు పోతుంది, దాన్ని తిరిగి నింపడానికి డైనమో బరువుగా తిరుగుతుంది, వదులు బెల్టు జారి అరుస్తుంది. బెల్టు మీద దూరం నుంచి కొంచెం నీళ్లు చిలకరించండి. అరుపు పెరిగితే బెల్టు వదులు. కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేవేమో, బెల్టు పక్కలు అరిగాయేమో చూడాలి. కొన్ని పాత డీజిళ్లలో డైనమో వెనక బ్రేకు వ్యాక్యూమ్ పంపు ఉంటుంది. బెల్టు బాగున్నా ఆ చోటే గరగర వస్తే దాన్ని కూడా విప్పి చూడమనండి.

దీపం ఆరిపోయాక కూడా చప్పుడు రెండు మూడు నిమిషాలు నడిస్తే తొందరపడాల్సిన పని లేదు, చోటు వెతకాలి. పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద ఆనించి పిడి చెవికి దగ్గరగా పట్టుకోండి. ఇంజన్ పైన వాల్వుల మూత అయిన ట్యాపెట్ కవర్ మీద, డీజిల్ చిమ్మే నాజిళ్ల పక్కన, డీజిల్ పంపు మీద, సంపు మీద ఒక్కోచోట వినండి. ఫ్యాన్ వైపు మాత్రం పోనివ్వకండి. మొదట అన్నీ ఒకేలా అనిపిస్తాయి. నాలుగు రోజులు వింటే చెవికే తెలుస్తుంది.

ట్యాపెట్ చప్పుడు పైనుంచి, సన్నగా, లెక్క తప్పకుండా వస్తుంది. ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే ఒక్కో ట్యాపెట్ 400 సార్లే కొడుతుంది, అందుకే దాని నడక ఇంజన్ నడకలో సగమే. సన్నటి రేకుల కొలత, ఫీలర్ గేజ్ పెట్టి గ్యాపు సరిచేస్తే అయిపోతుంది. ఆ కొలత మీ ఇంజన్ పుస్తకంలో ఉన్నదే కావాలి, పక్కబండి కొలత పనికిరాదు.

దీంతో కలిసి జనాన్ని మోసం చేసేది ఇంకొకటుంది, ఇంజన్ నుంచి పొగ బయటికి తీసుకుపోయే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ లీకు. అదీ అచ్చం ట్యాపెట్‌లాగే టిక్‌టిక్‌మంటుంది, ఇనుము వేడెక్కి వ్యాకోచించి సందు మూసుకోగానే పోతుంది. చల్లగా ఉన్నప్పుడే టార్చ్ వేసి ప్యాకింగ్ దగ్గర చూడండి. మసి నల్లగా చారలు కొట్టి ఉంటుంది, ఒక స్టడ్డు విరిగి ఉండొచ్చు. రెండడుగుల రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని రెండో కొన ఆ చుట్టూ తిప్పితే, కారుతున్నచోట ఫుట్‌ఫుట్‌మని స్పష్టంగా వినబడుతుంది. ఆ పొగ క్యాబిన్‌లోకి రాగలదు, కాబట్టి చిన్న చప్పుడే కదా అని వదలొద్దు.

చలికి డీజిల్ ఇంజన్ కొంచెం గట్టిగా కొట్టుకోవడం సహజం. సిలిండర్ చల్లగా ఉంటే డీజిల్ అంటుకోవడం ఆలస్యమై ఒక్కసారిగా మండుతుంది. దానితో పాటు తెల్లపొగ, వణుకు కూడా ఉంటే స్టార్టింగ్‌కు సిలిండర్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్గులున్న బండిలో వాటిని పరీక్షించండి. ఒకే సిలిండర్ నుంచి టంగుటంగుమని వస్తే నాజిల్ కావచ్చు. నాది పాతకాలం పంపు కాబట్టి మేస్త్రి ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేసి, ఏ సిలిండర్ దగ్గర చప్పుడు పోతుందో చూస్తాడు. అన్ని నాజిళ్లకూ ఒకే పైపు నుంచి డీజిల్ పంపే కొత్తరకం కామన్ రైల్ ఇంజన్‌లో ఆ పని ఎవరూ చేయకూడదు. అందులో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్‌కు పైగా పోగలదు, సన్నటి ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. చెయ్యి తీసేయాల్సి రావచ్చు. కామన్ రైల్ అయితే కంప్యూటర్ పెట్టి చూసేవాళ్ల దగ్గరికే పోండి.

డొల్లగా, చెక్క మీద కొట్టినట్టు డొక్కుడొక్కుమని మొదలై, ఇంజన్ వేడెక్కేకొద్దీ సన్నబడితే పిస్టన్ అరుగుదల. పిస్టన్ వ్యాకోచించి బోరుకు సరిపోగానే అణుగుతుంది. ఆయిల్ తాగకుండా, పొగ రాకుండా ఉంటే దీంతో చాలాకాలం నడపొచ్చు. పొద్దున రెండు నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి, మొదటి నాలుగైదు కిలోమీటర్లు మెల్లగా పోతే చాలు.

భయపడాల్సింది దీనికి తలకిందులుగా ఉండేదానికి. కింది నుంచి బరువైన దెబ్బ, ఇంజన్ వేడెక్కి ఆయిల్ పలచనయ్యేకొద్దీ పెరుగుతుంది, లోడు మీద ఎక్కువవుతుంది, నిదానంలో ఆయిల్ దీపం మినుకుమంటుంది. అప్పుడది నిజంగానే బేరింగే. మా బావమరిది ఈ గుర్తులన్నీ ఉన్నా ఇంకొక్క లోడు దించి వస్తానని పోయాడు. కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకు పగిలింది. బేరింగులతో పోవాల్సింది ఇంజనే పోయింది. స్టార్ట్ చేశాక పది సెకన్లకు కూడా ఆ దీపం ఆరకపోయినా, దారిలో వెలిగినా, వెంటనే ఆపేయండి. టమాటా కుళ్లినా సరే, బండి కట్టి లాగించుకోండి.

ఇవన్నీ ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటాను. తారీఖు, రాత్రి ఎన్ని గంటలు ఆగింది, దీపం ఎన్ని సెకన్లు, చప్పుడు ఎన్ని సెకన్లు, ఎక్కడ. షెడ్డుకు పోయేటప్పుడు ఆ పుస్తకం, వీడియో తీసుకుపోతాను. బండిని ముందురోజు సాయంత్రమే వదిలేస్తాను. "పొద్దున ఆరుకు నేనొస్తా, అందాకా ఎవరూ సెల్ఫ్ కొట్టొద్దు తమ్ముడూ" అని షెడ్డు పిల్లలకు చెప్పి, తాళం నా జేబులోనే వేసుకుని వస్తాను.