లెత్వేని బయట దేశాల వాళ్ళకి పరిచయం చేయాలంటే ఎక్కడ మొదలెట్టాలి

లెత్వే పేరు ఎత్తగానే "అదే కదా, గ్లవ్స్ లేకుండా కొట్టుకుని తలతో గుద్దుకునేది" అంటారు. అబద్ధం కాదు, ఈ బర్మా బాక్సింగ్‌లో చేతులకి కట్టు గుడ్డ, టేపు తప్ప ఇంకేం ఉండదు, పిడికిళ్ళు మోచేతులు మోకాళ్ళు పాదాలు రెండేసి ఎనిమిది, తలతో కలిపి తొమ్మిదింటితో కొట్టొచ్చు. కానీ పరిచయం అక్కడ మొదలెట్టారా, పని సగం చెడిపోయినట్టే.

నేనుండేది ఇండియానాపొలిస్‌లో, ఇక్కడ బర్మా వాళ్ళు వేలల్లో ఉన్నారు, వాళ్ళ పండగల్లో స్టేజీ పనులకి సాయం వెళ్తుంటా. మొదటిసారి లెత్వే డెమో పెడదామన్నప్పుడు పోస్టర్ మీద రక్తం కారుతున్న మొహం వేశాం, జనం చూస్తారని. రెండ్రోజుల ముందు హాలు వాళ్ళు ఫోన్ చేసి కుదరదన్నారు. వాళ్ళని తప్పు పట్టలేను, ఆ పోస్టర్ చూస్తే ఎవరైనా అదే అంటారు.

మరుసటి ఏడు పోస్టర్ మీద లెఖమౌన్ పెట్టాం. అంటే ఏంటంటే, ఆటగాడు ఎడమ చెయ్యి త్రికోణంలా మడిచి కుడి అరచేత్తో దాని మీద మూడుసార్లు గట్టిగా చరుస్తాడు, రా చూసుకుందాం అని. అచ్చం మన పహిల్వాన్లు తొడగొట్టడమే! ఆ రోజు అరవై దాటిన ఒక గురువుగారు మైకు కూడా లేకుండా చరిచారు, ఆ చప్పుడుకి వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న వాళ్ళు కూడా తలెత్తారు, తర్వాత పిల్లలందరూ పార్కింగ్‌లో చేతులు ఎర్రగా కందేదాకా అదే పని. కాబట్టి ముందు లెఖమౌన్, ఆ తర్వాత లెత్వే-యే అనే డాన్స్, ప్యాడ్ల మీద దెబ్బలు చివర్లో.

మ్యూజిక్ మాత్రం లైవ్‌లో ఉండాల్సిందే. డోలు, తాళాలు, మన సన్నాయికి దగ్గర చుట్టమైన హ్నె, ఇవి ఫైట్ వేగాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. స్పీకర్లో పాట పెట్టేస్తే సగం ప్రాణం పోతుంది. వాయించే వాళ్ళకి డబ్బులివ్వండి, సేవ కదా అని ఊరికే పిలవొద్దు.

రూల్స్ చెప్పేటప్పుడు కొత్తవాళ్ళని బాగా ఆకట్టుకునేది డ్రా సంగతి. పాత పద్ధతిలో 5 రౌండ్లు, రౌండుకి 3 నిమిషాలు, పాయింట్లు వేసే జడ్జిలే ఉండరు, నాకౌట్ ఉంటే గెలుపు, లేకపోతే ఇద్దరూ నిలబడ్డారు కాబట్టి డ్రా, అంతే. పడిపోయినవాడు మ్యాచ్‌లో ఒక్కసారి 2 నిమిషాల టైం తీసుకుని మళ్ళీ రావచ్చు, ఐదో రౌండులో మాత్రం కుదరదు. ఈ ఒక్క రూల్ చెప్పి చూడండి, బాక్సింగ్ తెలిసినవాళ్ళు కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ అడుగుతారు. 2017లో యాంగోన్‌లో (అదే పాత రంగూన్) మొదలైన వరల్డ్ లెత్వే చాంపియన్‌షిప్ వాళ్ళు టీవీ కోసం పాయింట్లు పెట్టారు, దానివల్ల బయటి ప్రేక్షకులు పెరిగారు నిజమే గానీ నా మనసు పాత పద్ధతి మీదే. రెండూ ఉన్నాయని జనానికి చెప్పండి, దాచొద్దు.

ఇక చట్టం. అమెరికాలో బాక్సింగ్‌లోనూ, అన్ని రకాల దెబ్బలూ పట్లూ కలిసిన ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్)లోనూ తలతో గుద్దడం నిషేధం, గ్లవ్స్ లేని బాక్సింగ్‌కే 2018లో వ్యోమింగ్ దారి తెరిస్తే తప్ప లైసెన్స్ దొరకలేదు. అందుకే నిజం ఫైట్ జోలికి పోకుండా డెమో, క్లాసులతో మొదలెట్టండి, ఎవరి పెరట్లోనో గుట్టుగా ఫైట్ పెడితే ఒకడి తలకి దెబ్బ తగిలిన రోజు ఆటే పోతుంది. డెమో అయినా రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్‌కి ముందే రాసి అడగండి, డాక్టర్ని పక్కన కూర్చోబెట్టండి.

పేరున్న వాళ్ళ కథలు కూడా బాగా పనికొస్తాయి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో బాక్సింగ్ ఆడొచ్చిన చా బ న్యేన్ తర్వాత బర్మాలోని కరెన్, మోన్ తెగల ఊళ్ళు తిరిగి నేర్చుకుని లెత్వేకి రూల్స్ కూర్చాడు. కెనడా కుర్రాడు డేవ్ లెడుక్ 2016లో బర్మా ఆటగాడు టున్ టున్ మిన్‌ని ఓడించాక బయట దేశాల్లో ఈ పేరు వినబడింది. వీడియోల్లో లెడుక్ ఒక్కడినే చూపించకండి, టూటూ, లోన్ చా లాంటి బర్మా వాళ్ళు కూడా ఉండాలి, ఆట వాళ్ళది.

థాయ్ వాళ్ళ ముయ్ థాయ్ కూడా ఇలాంటి ఆటే, వాళ్ళతో మాది పాతదా మీది పాతదా అన్న గొడవలోకి అస్సలు దిగొద్దు. 2023 సీ గేమ్స్‌లో (ఆగ్నేయాసియా దేశాల ఆటల పోటీలు) కంబోడియా ముయ్‌ని కున్ ఖ్మేర్ అని పేరు మార్చి పెడితే థాయ్ వాళ్ళు ఆ ఆటకే రాలేదు, నష్టం ఆటగాళ్ళకే కదా. పైగా చాలా ఊళ్ళలో లెత్వే క్లాసుకి జాగా ఇచ్చేది ముయ్ థాయ్ జిమ్ వాళ్ళే.

మన తెలుగు వాళ్ళకి ఒక మాట. శ్రీకాకుళం, విశాఖ వైపు ముసలివాళ్ళు రంగూన్‌ని ఇప్పటికీ రంగం అంటారు, మన తాతలు ఓడెక్కి వెళ్ళి బతికిన ఊరది, వైజాగ్‌లో బర్మా క్యాంపు ఉన్నది అక్కణ్ణించి తిరిగొచ్చిన వాళ్ళ వల్లే. మీ తెలుగు సంఘం ఉగాది, వాళ్ళ కొత్త ఏడాది పండగ తింజాన్ కొద్ది వారాల తేడాలోనే వస్తాయి, ఒక పావుగంట వాళ్ళకి ఇవ్వమని అడగండి. జనవరిలోనే అడగాలి, మార్చికి స్టేజీ లిస్ట్ నిండిపోతుంది. మైకు మాత్రం మీరు పట్టుకోకండి, బర్మా పెద్దాయనకే ఇచ్చి పక్కన నిలబడి తెలుగులో చెప్పండి చాలు.