పాటన్‌లో పటోలా చూసేటప్పుడు
వేసవిలో గుజరాత్ వెళ్లే చేనేత అభిమానులు పాటన్‌లో ఎండ ముదరకముందే రాణీ కీ వావ్ మెట్లబావిని చూసుకుని, ఆ తరువాత పటోలా అనే పట్టువస్త్రాలు నేసే సాల్వీ కుటుంబం వారి మ్యూజియానికి వెళ్లడం మేలు. 2014లో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన ఆ బావి గోడలపై చెక్కిన జ్యామితి నమూనాలను ముందే గ్రాఫ్ కాగితం మీద గీసుకుంటే, అటువంటివే పటోలాలో కనిపించినప్పుడు ఇట్టే గుర్తుపట్టవచ్చు, ఆ ఆనందం వేరు. వస్త్రం ముందు నిలబడ్డాక రంగుల కంటే ముందు బొమ్మ అంచును పరిశీలించండి. అంచు పడుగు (నిలువు దారాల) వెంట కాస్త చెదిరినట్లుంటే పడుగు దారాలకు, పేక (అడ్డ దారాల) వెంట చెదిరితే పేకకు, రెండు దిక్కులా చెదిరితే రెంటికీ నేతకు ముందే ముడులు కట్టి రంగులద్దారని గ్రహించవచ్చు. మన పోచంపల్లి చీరలకూ ఈ పరీక్షే పనికివస్తుంది.