మిలిటరీ నాన్న జీవితాన్ని రాసిపెట్టడం ఎలా

1971 భారత్-పాక్ యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో లొంగుబాటుతో తేలిపోయింది. అందులో పోరాడిన నాన్నకు ఇప్పుడు ఎనభై దగ్గరపడుతుంటాయి, లేదా దాటుంటాయి. ఆ పద్నాలుగు రోజులే రాస్తే మిగతా బతుకంతా జారిపోతుంది. ముందు కాగితాలతో ఏడాదివారీగా లెక్క కట్టుకుని, తర్వాతే ఆయన్ని కదిలించండి.

మొదట తీయాల్సింది డిశ్చార్జి బుక్కు. సర్వీసు నంబరు, భర్తీ అయిన తేదీ, ర్యాంకులు, మెడల్స్, రిటైరైన తేదీ అందులో ఉంటాయి. నోటుబుక్కులో ఏడాదికో పేజీ వదిలి వాటిని ఎక్కించండి. నాయబ్ సుబేదార్ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లలో తొలి ర్యాంకు) అయితే పాత నంబరు పోయి ‘జేసీ’తో మొదలయ్యే కొత్తది వస్తుంది. పాత ఉత్తరం మీద వేరే నంబరుందని నాన్నది కాదనుకోకండి. బుక్కు పోతే ఆయన రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. ఎలా రాయాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఉత్తరాల్లో ఒక చిక్కుంది. ‘కేరాఫ్ 56 ఏపీఓ’ లేదా ‘99 ఏపీఓ’ (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) అని తప్ప ఊరి పేరుండదు. చోటు బయటపడకూడదనే ఆ ఏర్పాటు. ముద్ర మీది తేదీ, యూనిట్ పేరు రాసుకుని, ‘అప్పుడు ఎక్కడున్నారు?’ అని నాన్ననే అడగాలి. ఇన్‌లాండ్ మడతల్ని బలవంతంగా విప్పితే అక్కడే చిరుగుతుంది. లామినేషన్ అసలొద్దు, ఆ వేడి, జిగురు కాగితంలోకి దిగితే తిరిగి తీయలేం.

మెడల్స్‌ని మెటల్ పాలిష్‌తో రుద్దకండి. చాలావాటికి అంచు మీద నంబరు, పేరు సన్నగా చెక్కి ఉంటాయి, రుద్దేకొద్దీ అరిగిపోతాయి. పొడి నూలుగుడ్డ చాలు. ఏ మెడల్ దేనికో కూడా సరిగ్గా రాయండి. పూర్వీ స్టార్ 1971లో తూర్పు రంగానికి, పశ్చిమీ స్టార్ పడమర రంగానికి. సైన్య సేవా మెడల్ రిబ్బను మీది పట్టీ పని చేసిన ప్రాంతం పేరు చెబుతుంది. ఇవి శౌర్య పతకాలు కావు. ప్రేమకొద్దీ అలా రాస్తే, తెలిసినవాళ్లు చదివినప్పుడు చిన్నబోయేది నాన్నే.

ఫొటోలు జిగురు ఆల్బమ్‌కి అతుక్కుంటే పీకొద్దు, ఉన్నచోటే 600 డీపీఐలో స్కాన్ చేయండి.

ఇక మాటలు. ‘యుద్ధంలో ఏం చేశారు?’ అంటే ‘ఏముందిరా, అందరూ చేసిందే’ అంటారు. అలా కాకుండా భర్తీకి ఏ ఊరెళ్లారు, ఛాతీ ఎలా కొలిచారు, అన్నం తినే మనిషికి లంగర్‌లో (సైనికుల వంటశాలలో) రొట్టెలు ఎన్నాళ్లకి అలవాటయ్యాయి అని మొదలుపెట్టండి. ట్రంకుపెట్టె ఆయన ముందుంచితే ఇంకా మేలు. మూత మీద తెల్లరంగుతో రాసిన పేరు మీద వేలు పెట్టి మాట్లాడతారు. పొద్దున టిఫినయ్యాక, బాగా వినబడే చెవి వైపు కూర్చుని, ఫ్యాన్ ఆపి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రికార్డు చేయండి. నలభై నిమిషాలు దాటితే అలసటకి తేదీలు కలిసిపోతాయి. చనిపోయిన తోటివాళ్ల దగ్గర ఆగిపోతే రికార్డింగ్ ఆపేసి కాఫీ ఇవ్వండి. మళ్లీ ఆయన ఎత్తితేనే ఆ మాట.

ఆయన చెప్పిన ఏడాది, బుక్కులోది కలవకపోతే దేన్నీ కొట్టేయొద్దు, రెండూ పక్కపక్కన రాయండి. ‘ఛుట్టీ’ (సెలవు), ‘ఫాలిన్’ (వరుసలో నిలబడటం) లాంటి మాటలు ఆయన పలికినట్టే ఉంచండి.

అవే తేదీలు పట్టుకుని అమ్మ దగ్గర విడిగా కూర్చోండి. ఆ ఏడు పంట ఎవరు కోయించారు, కాన్పుకి ఎవరు తోడున్నారు, ఉత్తరం ఆగిపోయిన నెలల్లో ఇల్లెలా గడిచింది, ఇవి ఏ బుక్కులోనూ ఉండవు. పనయ్యాక డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) అసలు ప్రతులు ఆమెకే తిరిగివ్వండి. రేపు ఫ్యామిలీ పెన్షన్‌కి కావాలి, వాటిలో ఆమె పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో ఇప్పుడే సరిచూడండి.