గుండె రోగి తన భావాలను చెప్పలేకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: స్టెంట్ వేయించుకున్న కొందరు, రిపోర్టులన్నీ సవ్యంగానే ఉన్నా దడ, ఆయాసం, ఛాతీలో బిగువు అంటూ మళ్లీ మళ్లీ ఆసుపత్రికి వెళ్తుంటారు. భయంగా ఉందా, దిగులుగా ఉందా అని అడిగితే మాత్రం "ఏమో, అదోలా ఉంది" అని ఊరుకుంటారు.

కారణం: భయం కలిగినప్పుడు అడ్రినలిన్ పెరిగి ఎవరికైనా గుండె వేగం హెచ్చుతుంది. ఆ భయాన్ని భయంగా గుర్తించలేని మనిషికి అది శరీరంలోని బాధగానే తెలుస్తుంది. 1970లలో పీటర్ సిఫ్నియోస్ అనే మానసిక వైద్యుడు, తన భావాలను గుర్తించి చెప్పలేని ఈ స్థితికి అలెక్సిథైమియా అని పేరు పెట్టారు. ఇది జబ్బు కాదు, స్వభావ లక్షణం. కొందరిలో మొదటినుంచీ ఉంటుంది, మరికొందరిలో పెద్ద అనారోగ్యం తర్వాత బయటపడుతుంది. మగవాడు ఏడవకూడదని పెంచే మన ఇళ్లలో దీన్ని గాంభీర్యమని మెచ్చుకోవడం కూడా కద్దు.

పరిష్కారం: ముందుగా గుండెనే అనుమానించాలి. ఛాతీ నొప్పి కొత్తగా వచ్చినా, చెమటలు పట్టినా, నొప్పి చేతికో దవడకో పాకినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిన్నదేమో చూసే రక్తపరీక్ష) పరీక్షలు కాకముందే ఇది మనసుకు సంబంధించినదని ఇంట్లో తేల్చేయడం ప్రమాదకరం. గుండెకు ముప్పు లేదని వైద్యులు చెప్పాక, టొరంటో అలెక్సిథైమియా స్కేలు గురించి సైకాలజిస్టును అడగవచ్చు. అందులో 20 ప్రశ్నలుంటాయి, 61 లేదా అంతకన్నా ఎక్కువ స్కోరు వస్తే ఈ లక్షణం ఉన్నట్టు భావిస్తారు. ఇంటి దగ్గర ఒక నోటు పుస్తకంలో దడ వచ్చిన సమయం, అంతకుముందు జరిగిన సంగతి, నాడి వేగం రాసుకుంటూ, భయం, కోపం, దిగులు, విసుగు అనే నాలుగింటిలో దగ్గరగా అనిపించినదానికి టిక్కు పెట్టమనాలి. మాట వెతుక్కోవడం కన్నా ఉన్నవాటిలో ఎంచుకోవడం వారికి తేలిక.

సమస్య: రోగి "బాగానే ఉంది" అంటారు, కానీ నిద్ర లేదు, నడక మానేశారు, మాత్రలు మిగిలిపోతున్నాయి.

కారణం: ఇది డిప్రెషన్ కావచ్చు. గుండెపోటు వచ్చినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి అది ఉంటుంది. తన దిగులును గుర్తించలేని వ్యక్తిలో దాన్ని పసిగట్టడం మరీ కష్టం.

పరిష్కారం: దిగులుగా ఉందా అని కాకుండా, రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వచ్చింది, అన్నం సహించిందా అని అడగాలి. ఆ వివరాలతో, కుటుంబసభ్యులు కూడా వెంట ఉండి, వైద్యుణ్ణి కలవాలి. ఇంటి నుంచే సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. నీరసానికి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర కూడా కారణం కావచ్చు గానీ, దాన్ని సొంతంగా, హఠాత్తుగా ఆపకూడదు.