బిల్లు వెలిసిపోకముందే ఈ పని చేయండి

కొత్తింటికి ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్ అన్నీ ఒకేసారి కొంటాం. షాపువాళ్లిచ్చే నున్నటి థర్మల్ బిల్లు బెజవాడ ఎండల వేడికి బీరువాలో ఉన్నా వెలిసిపోతుంది. తీరా రిపేరు వచ్చాక కొన్న తేదీ కనిపించక టెన్షన్.

సామాను దిగిన రోజే మూడు ఫొటోలు తీయండి: బిల్లు, షాపు ముద్ర వేసిన వారంటీ కార్డు, వస్తువు మీది సీరియల్ నంబరు స్టిక్కరు. ఫ్రిజ్‌ని గోడకి ఆనించకముందే తీయాలి, తర్వాత వెనక స్టిక్కరు అందదు. ఇంట్లో ఇంకొకరికీ వాట్సాప్‌లో పంపండి. వారంటీ ముగియడానికి నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటే, చిన్న శబ్దమొచ్చినా గడువులోపే ఫిర్యాదు చేయొచ్చు.

పదేళ్ల వారంటీ అన్నది మాత్రం చాలావాటికి కంప్రెసర్ వరకే. గ్యాస్, మెకానిక్ చార్జీలకు ఈ ఫొటోలు పనికిరాకపోవచ్చు, కార్డులో చిన్న అక్షరాలు చదివి చూడండి.